పక్కపక్కన పెట్టి చూస్తే

మా తిరుపతి ఇళ్లలో స్కాచ్ సీసా ఎక్కడుంటుందో ఇంటాయనకు ఒక్కడికే తెలుసు. బీరువా కింది అరలోనో, పాత సూట్‌కేసులోనో, బట్టల మడతల మధ్యనో ఉంటుంది. కొండ నీడన ఉన్న ఊరిది. అలిపిరి తనిఖీ దాటి పైకి వెళ్తే మద్యం, మాంసం, సిగరెట్ ఏవీ ఉండకూడదు. ఆ కట్టుబాటు కింద ఊరికి చట్టంగా రాకపోయినా మర్యాదగా దిగివచ్చింది. ఆ మర్యాద నాకిష్టం. కొన్ని సంగతులు నలుగురిలో గొంతు తగ్గించి మాట్లాడుకోవడంలో ఒక అందం ఉంది. కానీ అసలు మాట్లాడుకోకపోతే ఏ సంగతిలోనూ తెలివిడి పెరగదు.

అందుకేనేమో, స్కాచ్ గురించి మనవాళ్లలో స్థిరపడిన జ్ఞానమంతా ఒక వరస. రెడ్ లేబుల్ కన్నా బ్లాక్ లేబుల్ గొప్ప, దానికన్నా గోల్డ్, అన్నిటికీ పైన బ్లూ. పన్నెండేళ్ల దానికన్నా పద్దెనిమిదేళ్లది గొప్ప. డల్లాస్ నుంచో సింగపూర్ నుంచో వచ్చే కొడుకు, డ్యూటీ ఫ్రీలో మనిషికి అనుమతించే రెండు లీటర్లలో ఏ సీసా తెచ్చాడన్నది తండ్రి స్నేహితుల మధ్య గౌరవానికి సంబంధించిన విషయం. ఏళ్ల తరబడి 150 శాతం దిగుమతి సుంకం కట్టించుకున్న దేశంలో ధర చూసి రుచిని ఊహించుకోవడం అలవాటైపోయింది. ఈ వరసలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఇది దేనిలా ఉంటుంది?

ఆ ప్రశ్నకు జవాబు ఒక్క గ్లాసులో దొరకదు. ఒక్కటే తాగినవాడికి అది విస్కీలా ఉంటుంది, అంతే. పక్కన ఇంకో గ్లాసు పెట్టినప్పుడే మొదటిదానికి ఒక ముఖం వస్తుంది. ఇలా పక్కపక్కన పెట్టి చూడడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. అందులో నేర్చుకున్నది విస్కీకి మాత్రమే పనికొచ్చేది కాదని నా నమ్మకం. పోల్చడమంటే ర్యాంకు వేయడమని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. పోలికకు అంతకన్నా మంచి పని ఒకటుంది.

ఎం.ఆర్.పల్లిలో ఒక మిత్రుడి ఇంట్లో నలుగురైదుగురం కలుస్తాం, చలికాలం సాయంత్రాలు ఎక్కువగా. మే నెలలో తిరుపతి ఎండకు ఐసు లేకుండా గ్లాసు పట్టుకోమంటే ఎవరూ వినరు, ఐసు వేస్తే వాసన లేవదు. వాసన లేవకపోతే మా పని ముందుకు సాగదు. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి మాత్రమే. మిగతాదంతా ముక్కు చెప్పేది, గొంతులో నుంచి వెనకగా ముక్కుకు ఎక్కేది. అందుకే మూతి సన్నగా, కింద పొట్టతో ఉన్న చిన్న గ్లాసులు వాడతాం. గ్లాసులో పోసేది పదిహేను మిల్లీలీటర్లు. రంగు చూసి ఏమీ తేల్చుకోం. స్కాచ్‌లో నీళ్లు తప్ప కలపనిచ్చే ఏకైక పదార్థం రంగు కోసం వేసే కారమెల్. ముదురు రంగు చూసి ముదురు వయసనుకోవడం తప్పవుతుంది.

తర్వాత నీళ్లు. చెంచాడు నీళ్లు పోస్తే విస్కీ పలచబడుతుందని మనవాళ్ల భయం. నిజానికి చాలాసార్లు అప్పుడే అది విప్పారుతుంది. స్వీడన్‌లో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు 2017లో కంప్యూటర్ లెక్కలతో దీనికి ఒక కారణం చూపించారు. పొగ వాసన ఇచ్చే గ్వాయకాల్ అనే పదార్థం ఆల్కహాల్ ఎక్కువగా ఉన్నప్పుడు లోపలే కలిసిపోయి ఉంటుంది, నీళ్లు కలిపితే పైపొరకు వస్తుంది. స్కాట్లాండ్‌లో రకరకాల విస్కీలను కలిపే బ్లెండర్లు పీపాలను పరీక్షించేటప్పుడు ఇరవై శాతం ఆల్కహాల్ దాకా పలచబరిచి, ఎక్కువగా వాసనతోనే తేలుస్తారు. తాగడం వాళ్ల పనిలో చిన్న భాగం. మా మిత్రుడి ఇల్లాలు ఒక్క చుక్క ముట్టదు. కానీ గ్లాసులు వరసగా వాసన చూసి, దేంట్లో ఎండు ఖర్జూరం ఉందో దేంట్లో పచ్చి ఆపిల్ ఉందో మాకన్నా ముందు చెబుతుంది. రుచి చూసే విద్యలో తాగడం ఎంత తక్కువో నాకు అర్థమైంది ఆమెను చూశాకే.

కొత్తగా వచ్చినవాళ్ల ముందు మేం పెట్టే మొదటి జత గ్లెన్‌లివెట్ 12, లఫ్రోయిగ్ 10. రెండూ స్కాచ్‌లే, రెండూ సింగిల్ మాల్టులే. అంటే మొలకెత్తిన బార్లీ తప్ప వేరే ధాన్యం కలపకుండా ఒకే డిస్టిలరీలో రాగి పాత్రల్లో కాచినవి. రెండూ కనీసం మూడేళ్లు ఓక్ పీపాల్లో ఉండాలన్న చట్టాన్ని దాటి చాలా ఏళ్లు ఉన్నవి. అయినా మొదటిది ముక్కు దగ్గర పెడితే పళ్ల వాసన, కొంచెం తేనె. రెండోది పెట్టగానే తల వెనక్కి పోతుంది. "ఇది చిన్నప్పుడు మోకాలికి పూసిన టించర్ వాసన సామీ!" అన్నాడు ఒకాయన. ఆయన అన్నది సరిగ్గా సరిపోయింది. అయోడిన్, పొగ, సముద్రపు నాచు, అన్నీ కలిసిన ఘాటు.

ఆ ఘాటుకు కారణం ఒక ద్వీపం. స్కాట్లాండ్ పడమటి తీరాన ఐలా ద్వీపంలో చెట్లు తక్కువ. బురద నేలల్లో వేల ఏళ్లుగా నాచు, గడ్డి సగం కుళ్లి అణిగి నల్లగా గట్టిపడుతుంది. దాన్ని పీట్ అంటారు. అక్కడివాళ్లకు పొయ్యిలోకి దొరికిన ఇంధనం అదే. నానిన బార్లీ మొలకెత్తాక దాన్ని ఆరబెట్టాలి. పీట్ మంట మీద ఆరబెట్టారు, పొగ గింజకు పట్టింది. ఆ గింజను పులియబెట్టి, కాచి, పదేళ్లు పీపాలో పెట్టినా పొగ వదల్లేదు. లఫ్రోయిగ్ 1815లో, దాని పక్కనే లగావులిన్ 1816లో మొదలయ్యాయి. రెండు వందల ఏళ్ల కింద ఒక పేద ద్వీపం పొయ్యిలో ఏం మండిందో తిరుపతిలో ఒక గ్లాసు చెబుతోంది. ఇది గ్లెన్‌లివెట్ కన్నా గొప్పదా, తక్కువదా అని అడిగితే ఏం చెప్పను? వాటి మధ్య ఎక్కువ తక్కువల తేడా లేదు. ఊరి తేడా ఉంది.

రెండో జత ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. గ్లెన్‌ఫిడ్డిక్ 12, మెకాలన్ 12 షెర్రీ ఓక్. రెంటిలోనూ పీట్ పొగ అంతగా తెలియదు, రెంటి సీసా మీదా ఒకే వయసు. అయినా మొదటిది పియర్ పండులా తేలిగ్గా ఉంటే, రెండోది ఎండు ద్రాక్ష, జాజికాయ, నారింజ తొక్క వాసనలతో బరువుగా ఉంటుంది. తేడాలో పెద్ద పాలు పీపాది. అమెరికా చట్టం ప్రకారం బర్బన్ విస్కీని కొత్తగా లోపల కాల్చిన ఓక్ పీపాలోనే నిల్వ చేయాలి. ఒకసారి వాడిన పీపా మళ్లీ బర్బన్‌కు పనికిరాదు. ఆ పీపాలు ఓడలెక్కి స్కాట్లాండ్ చేరతాయి, విస్కీకి వెనిల్లా, కొబ్బరి వాసనలిస్తాయి. స్పెయిన్ ద్రాక్ష మద్యం షెర్రీ నానిన పీపాలు ఎండు పళ్ల వాసనలిస్తాయి. ఎక్కడి చట్టమో, ఎక్కడి ద్రాక్షో ఇంకెక్కడి సారాలోనో మిగిలిపోతుంది. కాచే పాత్ర ఆకారానికీ రుచిలో వాటా ఉంది. గ్లెన్‌మోరంజీ రాగి పాత్రల మెడ ఐదు మీటర్లకు పైగా పొడవు. బరువైన ఆవిర్లు అంత ఎత్తు ఎక్కలేక మళ్లీ కిందికి జారతాయి, తేలికైనవే అవతలికి చేరతాయి. మెకాలన్ పాత్రలు పొట్టివి. ఆ బరువు సీసా దాకా వస్తుంది.

ఇక మన వరసలో కనిపించే జానీ వాకర్ సీసాలు. 1820లో కిల్మార్నాక్ అనే ఊళ్లో జాన్ వాకర్ ఒక కిరాణా కొట్టు పెట్టాడు. 1830లో ఈనియస్ కాఫీ అనే ఆయన నిలువు స్తంభం లాంటి యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. దానితో ధాన్యం సారాను ఆగకుండా, తేలిగ్గా, చవగ్గా కాచే వీలు కలిగింది. ఆ తేలికపాటి గ్రెయిన్ విస్కీలో ఘాటైన మాల్టులు కలిపితే అందరికీ నప్పే రుచి వచ్చింది. బ్లెండెడ్ స్కాచ్ అలా పుట్టింది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఫ్రాన్స్ ద్రాక్ష తోటలను ఫిలాక్సెరా పురుగు నాశనం చేసి బ్రాందీ కరువైనప్పుడు, లండన్ బల్లల మీదికి ఈ బ్లెండు ఎక్కింది. రెడ్ లేబుల్, బ్లాక్ లేబుల్ పేర్లు 1909 నాటివి. సింగిల్ మాల్ట్ తాగడం మొదలుపెట్టినవాళ్లు బ్లెండును చిన్నచూపు చూస్తారు. అది అన్యాయం. కలిపే పీపాలు ఏటా మారుతున్నా, సీసాలో రుచి ఏటా ఒకేలా నిలబెట్టడం బ్లెండర్ విద్య. బ్లాక్ లేబుల్‌ను లగావులిన్ పక్కన పెట్టి నీళ్లు కలిపి చూడండి, దాని అడుగున సన్నగా పొగ కనిపిస్తుంది. ఐలా అక్కడా ఉంది, తలొంచుకుని ఉంది. వరసలో పైనున్న బ్లూ లేబుల్ మీద మామూలుగా వయసు అంకె ఉండదన్న సంగతి కూడా చాలామంది గమనించరు. అంకె ఉన్న సీసాలో ఆ అంకె, అందులో కలిసిన విస్కీల్లో అన్నిటికన్నా చిన్నదాని వయసు.

ఈ కబుర్లన్నీ చెప్పేటప్పుడు నాకు మన నేల గుర్తుకు రాకుండా ఉండదు. ప్రపంచంలో ఎక్కువ విస్కీ తాగే దేశం మనది. కానీ మన సీసాల్లో చాలా భాగం చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్‌తో తయారైంది. గాజులమండ్యంలో, చిత్తూరులో సహకార చక్కెర ఫ్యాక్టరీలు నడిచిన రోజుల్లో ఆ మొలాసిస్ వాసన ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఐరోపాలో ధాన్యంతో కాచనిదాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. మనవాటిలో కొంచెం ఖరీదైన వాటికి స్కాట్లాండ్ నుంచి పీపాల లెక్కన తెచ్చిన మాల్ట్ కొద్దిగా కలుపుతారు. అలాంటిది ఒకటి స్కాచ్ పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. మనదానిలో మొదట తీపి వస్తుంది, వెంటనే వెళ్లిపోతుంది. నిలబడేది తక్కువ. అది కాచినవాడి చేతకానితనం వల్ల కాదు. ఆ సీసా రుచి కోసం తయారు కాలేదు. ఒక పేదవాడి సాయంత్రానికీ, ఒక ప్రభుత్వపు ఖజానాకూ సరిపోయేలా తయారైంది.

అక్కడ నేను ఆగి ఆలోచిస్తాను. ఈ రాష్ట్రంలో మద్యం రుచుల ముచ్చటగా ఎప్పుడూ లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూ తమ బతుకుల గురించి మాట్లాడుకోవడంతో మొదలైంది ఆ ఉద్యమం. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ తర్వాత ప్రభుత్వాలు మారినప్పుడల్లా విధానం మారింది. 2019 తర్వాత ప్రభుత్వమే దుకాణాలు నడిపింది, తెలిసిన బ్రాండ్లు మాయమయ్యాయి, చిత్తూరు జిల్లావాళ్లు తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు దాటి వెళ్లారు. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు దుకాణాలు వచ్చాయి. ఇన్ని మార్పుల్లోనూ మారనిది ఒకటుంది. దుకాణం పక్కన నిలబడి, క్వార్టర్ సీసాను నీళ్ల ప్యాకెట్‌తో కలిపి, మూడు గుక్కల్లో గొంతులో పోసుకుని వెళ్లిపోయే మనిషి. అతనికి రుచి చూసే తీరిక ఎవరూ ఇవ్వలేదు. అతని ఇంట్లో ఆడమనిషికి ఆ సీసా తెచ్చే కష్టం ఏ పోలికకూ అందదు.

దూబగుంట ఆడవాళ్లు చెప్పింది నిజమనే నేను అనుకుంటాను. అందుకే మా కూటమికి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. పదిహేను మిల్లీలీటర్ల కొలత దాటం. బండి మీద ఎవరూ తిరిగి వెళ్లరు. తాగుడుతో ఇబ్బంది పడినవాళ్లను, మానేద్దామనుకుంటున్నవాళ్లను పిలవం, పిలిస్తే అది స్నేహం కాదు. ఈ విద్యను ఇష్టపడేవాడికి ఈ భయం కూడా ఉండాలి. భయం లేనివాడి ముక్కు ఎంత గొప్పదైనా నేను నమ్మను.

మా బల్ల మీద నాకు అన్నిటికన్నా ఇష్టమైన జత ఆఖరున వస్తుంది. అందులో ఒకటి స్కాచ్, రెండోది బెంగళూరు అమృత్. మా చిత్తూరు నుంచి నాలుగు గంటల దూరంలో కాచిన సింగిల్ మాల్ట్. 1948లో రాధాకృష్ణ జగ్దాలే పెట్టిన సంస్థ అది. 2004లో దాని సింగిల్ మాల్ట్‌ను మొదట గ్లాస్గోలోనే అమ్మకానికి పెట్టారు. స్కాచ్ పుట్టిన దేశంలో, ఆ నాలుకల ముందే నిలబడాలని. మన బార్లీనీ, స్కాట్లాండ్‌లో పీట్ పొగ పట్టిన బార్లీనీ కలిపి చేసిన వాళ్ల ఫ్యూజన్‌కు ఇంగ్లండ్ రచయిత జిమ్ ముర్రే తన 2010 పుస్తకంలో 97 మార్కులు వేసి, ప్రపంచంలో మూడో స్థానం ఇచ్చాడు. మనవాళ్లు ఆ ర్యాంకును గుర్తుపెట్టుకున్నారు. నేను గుర్తుపెట్టుకున్నది వేరే అంకె.

పీపాలో ఉన్న విస్కీ ఊపిరి పీలుస్తుంది. ఓక్ చెక్క రంధ్రాల్లోంచి ఏటా కొంత ఆవిరై పోతుంది. దాన్ని దేవతల వాటా అంటారు. చల్లటి స్కాట్లాండ్‌లో ఆ వాటా ఏడాదికి సుమారు రెండు శాతం. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో, ఎండలో, అది పది పన్నెండు శాతం. లెక్క వేసి చూడండి. పన్నెండేళ్ల తర్వాత స్కాట్లాండ్ పీపాలో ముప్పావు వంతుకు పైగా మిగిలితే, బెంగళూరు పీపాలో మిగిలేది పావు వంతు. వేడికి విస్కీ చెక్కలోకి లోతుగా వెళ్తుంది, చెక్క రసం త్వరగా లాక్కుంటుంది. అక్కడ పన్నెండేళ్లలో జరిగేదానిలో చాలా భాగం ఇక్కడ నాలుగైదేళ్లలో జరుగుతుంది, ఎంతో పోగొట్టుకుని జరుగుతుంది. అమృత్ పక్కన పన్నెండేళ్ల స్కాచ్ పెట్టి, అంకె చూసి, "ఇది చిన్నది, అది పెద్దది" అనేవాడికి రెండు గ్లాసులూ అర్థం కావు. వయసు అంకె ఒకటే కావచ్చు, వయసు గడిచిన ఎండ ఒకటి కాదు.

ఈ మాట నాకు విస్కీ దగ్గర ఆగలేదు. తిరుపతి వీధుల్లో కోచింగ్ సెంటర్ల హోర్డింగుల మీద పిల్లల ముఖాలు, కింద ర్యాంకులు. ఒక పిల్లవాడు ఏసీ గదిలో చదివి వచ్చాడు. ఇంకొకడు పుంగనూరు పక్క పల్లెలో వాన రాని ఏడాది ఇంటర్ పూర్తి చేసి వచ్చాడు. ఇద్దరి అంకెలూ ఒకే బోర్డు మీద. ఇంట్లో అన్నదమ్ములను, వీధిలో పక్కింటివాళ్లను, ఊళ్లో కులాలను, దేశంలో రాష్ట్రాలను మనం ఎప్పుడూ పక్కపక్కన పెడుతూనే ఉంటాం. పెట్టిన మరుక్షణం ఎవరు పైన, ఎవరు కింద అని అడుగుతాం. తేడా చూడాల్సిన చోట దూరం కొలుస్తాం. దాంతో పోలిక అన్న మాటకే చెడ్డపేరు వచ్చింది. "పిల్లలను పోల్చకండి" అని పెద్దవాళ్లకు చెబుతుంటారు. పోల్చకుండా మనిషిని తెలుసుకోలేం. పోల్చే పద్ధతి మార్చుకోవాలి.

ఆ పద్ధతి మన రైతులకు తెలుసు. దామలచెరువు మామిడి మార్కెట్‌లో బేనీషా, తోతాపురి, నీలం పక్కపక్కన రాశులు పోసి ఉంటాయి. మూడింటిలో ఏది గొప్పదని అక్కడ ఎవరూ అడగరు. బేనీషా కోసుకుని తినడానికి. తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీకి, అక్కడి నుంచి దేశాలు దాటడానికి. నీలం సీజన్ చివర, మిగతావి అయిపోయాక చెట్టు మీద నిలిచి ఉండడానికి. ఏ కాయ ఏ నేలలో, ఏ నీటితో పెరిగిందో వాసనను బట్టి చెప్పే మనుషులు అక్కడున్నారు. వాళ్లు పోల్చినంత నిశితంగా మేం విస్కీని పోల్చలేం. అయినా వాళ్ల నోట ర్యాంకు రాదు.

రాబోయే రోజుల్లో మన ఊళ్లకు స్కాచ్ ఇంకా వస్తుంది. 2022లో సీసాల లెక్కన ఫ్రాన్స్‌ను దాటి భారత్ స్కాచ్ కొనే దేశాల్లో మొదటిదైంది, ఆ ఏడాది వచ్చినవి దాదాపు 21.9 కోట్ల సీసాలు. 2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకమైన వాణిజ్య ఒప్పందంలో 150 శాతం సుంకాన్ని మొదట 75కు, పదేళ్లలో 40కి తగ్గించే నిబంధన ఉంది. సీసాలు పెరిగితే, ధర తగ్గితే, వరస ఇంకా పొడవవుతుందేమో, ఇంకా పై మెట్లు పుడతాయేమో. అలా కాకూడదని నా కోరిక. తాగని ఇళ్లు తాగకుండానే ఉండాలి. బీరువాలో ఇప్పటికే సీసా ఉన్నవాళ్లు దాన్ని ఒంటరిగా ఉంచకండి. దాని పక్కన వేరే ఊరిది, వేరే పీపాది, వీలైతే ధర తక్కువది ఇంకోటి పెట్టండి. లేబుళ్లు కనబడకుండా పోయండి. చెంచాడు నీళ్లు వేసి, మాట్లాడే ముందు వాసన చూడండి.

ఏది గొప్పదో చెప్పడానికి క్షణం చాలు. ఏది దేనిలా ఉందో, ఎందుకలా ఉందో చెప్పాలంటే ఒక ద్వీపం పొయ్యి తెలియాలి, ఒక దేశపు చట్టం తెలియాలి, ఒక నగరపు ఎండ తెలియాలి. అంత తెలుసుకున్నాక ర్యాంకు వేయాలన్న ఆత్రం తగ్గుతుంది, ఎదుట ఉన్నదాని మీద గౌరవం పెరుగుతుంది. సీసాల దగ్గర ఇంత ఓపిక పట్టగలిగిన మనం మనుషుల దగ్గర కూడా పట్టగలం. ఎవరినైనా ఇంకొకరి పక్కన నిలబెట్టేటప్పుడు, వాళ్లు ఏ పొగలో ఆరారు, ఏ ఎండలో ఎంత పోగొట్టుకున్నారు అన్నది ముందు అడగాలి.